తెరలో సగం

మంగళవారం, రాత్రి

ఇన్నాళ్లు ఎదురుచూసిన గేమ్ వచ్చింది. పది నిమిషాల్లోనే ఉత్సాహమంతా చల్లారిపోయింది. ఈ మూడో భాగంలో ఇద్దరు కలిసి ఒకే టీవీ మీద ఆడే వీలు తీసేశారు.

గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి నేను ఇల్లు చేరడానికీ, స్వప్న నైట్ షిఫ్టుకు బయల్దేరడానికీ మధ్య మాకు దొరికేది ఒక్క గంట. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ గంటలో ఈ ఆటే ఆడుకున్నాం. తెరలో సగం నాది, సగం ఆమెది. ఒకరు తాడు పట్టుకుంటేనే ఇంకొకరు గోడ ఎక్కగలరు. ఆమె ప్రతిసారీ పడేది, నేను వెనక్కి వెళ్లి లేపేవాణ్ని. ఆటను అలా తయారుచేసినవాడికి దండం పెట్టాలి. పాత భాగాలు రెండూ చివరిదాకా ఆడేశాం. ఇప్పుడేమో తెర మీద దృశ్యం ఇంకా బాగా కనబడాలని ఆ రెండో సగాన్ని ఎత్తేశారట. నీళ్లలో మబ్బుల నీడ కావాలని ఎవడడిగాడు?

ఇంకో టీవీ, ఇంకో కన్సోల్ ఉంటే ఆన్‌లైన్‌లో కలిసి ఆడొచ్చట. కొందామన్నాను.

"కొని ఏడ పెడ్తవ్? నువ్వు హాల్ల, నేను బెడ్రూంలనా?" అంది స్వప్న. "గిప్పుడు బతుకుతున్నది గట్లనే కదా."

ఆమె పక్కన కూర్చుని చూస్తుంటే నేనొక్కణ్నే ఆడాను. ఆమె స్థానంలో గేమే నడిపించే బొమ్మ ఒకటి ఉంది. నేను గోడ దగ్గరికి చేరేసరికే తాడు పట్టుకుని నిలబడింది. ఒక్కసారీ పడలేదు.

ఇంతలో క్యాబ్ వచ్చింది. స్వప్న చెప్పులేసుకుంటూ, "అది మంచిగ ఆడుతున్నది. నా లెక్క పడ్తలేదు," అంది.

నువ్వు పడితే లేపడానికే నేను ఆడేవాణ్నని చెప్పేలోపే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.