జారుముడి

జూన్ 3

ఇవాళ వంతెన కింద వల దొరికింది. పైన తేలే బెండు ఒక్కటీ లేదు. అడుగున రాళ్లకు కట్టి ఏటికి అడ్డంగా పరిచారు. పడవలోంచి కొక్కెం వేసి ఈడుస్తుంటే చేతికి బరువు తగిలింది. మూడు పెద్ద చేపలు, బంగారు పొలుసులవి. మూడూ నిండు గుడ్లతో ఉన్నాయి. చచ్చిపోయాయి.

వంతెన నుంచి ఆనకట్ట దాకా వల వేయకూడదు. లైసెన్స్ ఉన్నవాళ్లు గాలం వేసుకోవచ్చు, అదీ పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయాలి. అక్కడ కాపలా నా ఉద్యోగం. తొలి వాన పడగానే ఈ చేపలు ఏరు ఎదురీది వంతెనకు ఎగువనున్న గులకరాళ్ల మెరకకు వెళ్లి గుడ్లు పెడతాయి. ఈ ఏడు వాటిని ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను.

జూన్ 4

ఆఫీసరు గారు చూసీ చూడనట్టు పొమ్మన్నారు. ఒకటి రెండు వలలకే ఏరేమీ ఖాళీ అయిపోదట. చూసీ చూడనట్టు పోవడం నాకు చేతకాదని చెప్పాను. ఆయన ఫ్యాన్ స్పీడు పెంచుకున్నారు.

జూన్ 7, సాయంత్రం

అమ్మ వలలు అల్లుతుంది. ఏటికి కాదు, తోటలకు. పండ్ల మీద పిట్టలు వాలకుండా కప్పే వలలు. ఒక తోటాయన మూడు ఆర్డర్ చేశాడు. రెండు పట్టుకెళ్లాడు, మూడోదానికి దారం ఇంట్లో పడి ఉంది.

డ్యూటీ దిగాక అంచులు నేనే అల్లుతాను. చిన్నప్పుడు నా ముడి తడిస్తే చాలు, జారిపోయేది. అమ్మ వల అల్లే చెక్కసూదితో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. ఆ దెబ్బలకే ఇప్పుడు ప్రతి వరస చివరా ముడి వేసి, దారం వెనక్కి తిప్పి, ఇంకో ముడి బిగిస్తాను. అమ్మ కూడా అలా వేయదు. నీది మరీ చాదస్తమే అంటుంది.

జూన్ 10

గాలం మేష్టారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక ఆయన మకాం ఏటి ఒడ్డునే. చేపను పట్టి, వీపు నిమిరి వదిలేస్తారు. ఆనకట్ట కింద ఆయన గాలం దేనికో చిక్కుకుందట. ఇద్దరం కలిసి లాగాం. రెండో వల.

ఫారంలో వల కన్ను కొలత రాయాలి. నాలుగు వేళ్లంత ఉంది. స్కేలు పెట్టి కొలుస్తూ అంచు దగ్గరికి వచ్చాను. ముడి, వెనక్కి తిప్పిన దారం, ఇంకో ముడి. ప్రతి వరస చివరా అదే.

నా ముడి.

ఏమైందమ్మా అని మేష్టారు అడిగారు. ఏం లేదన్నాను.

జూన్ 10, మళ్లీ

అమ్మకు చెప్పాను. సూది కింద పెట్టేసింది. ఆర్డర్ వచ్చిన రోజే తనకు అనుమానం వచ్చిందట. కన్ను ఇంత పెద్దదైతే పిట్ట లోపలికి దూరిపోదటే అని నన్నే అడిగిందట. మనకెందుకమ్మా, చెప్పిన కొలతకు అల్లి పడేద్దాం అన్నానట.

అన్నాను. గుర్తుంది. రోజంతా పరాయి వాళ్ల వలలు కొలిచేదాన్ని, నా ఒళ్లో ఉన్నదాన్ని కొలవలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కొట్లో కొంటే బిల్లు మీద పేరుంటుందని మా ఇంటికొచ్చాడు ఆ పెద్దమనిషి. కాపలా మనిషి ఇల్లని తెలిసే వచ్చి ఉంటాడు.

జూన్ 11

ఫారంలో 'వల అల్లినవారు', 'అల్లించినవారు' అని రెండు గడులున్నాయి. ఎవరూ ఎప్పుడూ నింపరు. అమ్మ తన పేరు రాయమంది, ఈ వయసులో తనను ఎవరేం చేస్తారని. నా పేరే రాశాను. అల్లించినవారు అన్నచోట తోటాయన పేరు.

ఆఫీసరు గారు ఆ రెండు గడులూ ఖాళీగా వదిలేసి కొత్త ఫారం రాసుకురమ్మన్నారు. నా మేలు కోరే చెబుతున్నారట. రాయనన్నాను. ఫారం ఆయన సొరుగులోకి, నేను సస్పెన్షన్ మీద ఇంటికి. సొరుగు తాళం ఆయనది. జిరాక్స్ కాపీ నాది. పై ఆఫీసుకు పోస్ట్ చేశాను.

జూన్ 13

తోటాయన వచ్చాడు. కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫారం సొరుగులోనే ఉందని అతనికి తెలిసినట్టుంది, జరిగిందేదో జరిగిపోయిందన్నాడు. ఆడపిల్ల కదా, ఆవేశం ఎక్కువ అని అమ్మను ఓదార్చాడు. వాన పడేలోగా మూడో వల కావాలట. నేను నోరు తెరిచేలోగా అమ్మ సరే బాబూ అంది.

అతను గుమ్మం దాటగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ దారం ఉండ తెచ్చి నా ఒళ్లో వేసింది. చిన్నప్పటి నీ ముడి ఇంకా గుర్తుందా అని అడిగింది.

జూన్ 17

వేళ్లకు బొబ్బలు. తప్పుగా అల్లడం ఇంత కష్టమని తెలియదు. చేయి తనంతట తనే సరిగ్గా వేసేస్తోంది. విప్పడం, మళ్లీ జారుముడి వేయడం. అమ్మకు అసలు రాలేదు, నేనే నేర్పాల్సి వచ్చింది.

జూన్ 19

తోటాయన వల పట్టుకెళ్లాడు. రెండు చేతులా గుంజి చూసి, భలే గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు. పొడి దారం మరి.

జూన్ 21

వాన.

జూన్ 22, ఉదయం

మేష్టారు ఫోన్. వంతెన కింద దారప్పోగులు కొట్టుకుపోతున్నాయట. గులకరాళ్ల మెరక మీద చేపల్ని లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పారట.

అమ్మకు చెప్పాను. నా వేళ్లు చేతిలోకి తీసుకుని చూసింది. చెక్కసూది పక్కనే ఉంది. కొట్టలేదు.