బిడ్డను ఉయ్యాలలో వేసే చెయ్యి

మద్రాసు, ఆసుపత్రి మంచం మీంచి
1994 ఆగస్టు

మా అమ్మకు,

నీ మనవడు బతికాడు. ముందు ఆ మాట చదివి స్థిమితపడు, మిగతాది ఆ తర్వాత చదువు. నాన్న కంటి ఆపరేషన్ వల్ల నువ్వు గుడియాత్తం నుంచి ఇప్పుడే రాలేవని తెలుసు. కానీ ఈ మంట నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

తొమ్మిదో నెల రాగానే డాక్టరమ్మ ఒకటే చెప్పింది. అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు గమనించుకోవాలి, తగ్గాయనిపిస్తే వెంటనే రావాలి. ఆ శుక్రవారం పొద్దున బిడ్డ కదల్లేదు. చల్లటి నీళ్లు తాగాను, బెల్లం తిన్నాను, కడుపు తట్టి పిలిచాను. రోజూ పక్కటెముకల కింద తన్ని నన్ను పడుకోనివ్వనివాడు మూటలా పడున్నాడు. ఆయన సరుకు కోసం బెంగుళూరు వెళ్లారు. అత్తమ్మతో చెప్పాను. ఆమె కింద కొట్లోకి పోయి కాసేపటికి పైకొచ్చింది. "రాహుకాలం పోనీమ్మా, పోయినంక ఆటో పిలస్తా. బిడ్డ కిందికి దిగితే అట్నే గమ్మునుంటాది" అంది. కాళ్లు పట్టుకున్నాను. నేనే మెట్లు దిగబోతే అడ్డం నిలబడింది.

రాహుకాలం పోయాకే చేరిన ఆసుపత్రిలో కడుపుకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు మిషన్లో వినిపించారు. పరుగెత్తాల్సిన గుండె ఈడ్చుకుంటూ నడుస్తోంది. "ఇంతసేపు ఏం జేస్తా ఉండారు ఇంట్లో?" అని నర్సు ఆరోగ్యమేరి అరిచింది. అప్పటికప్పుడు కోసి తీశారు. పుట్టగానే ఏడవలేదమ్మా. గాజుపెట్టెలో పెట్టారు. మొన్ననే నా పక్కకు తెచ్చారు.

నేనిది మరిచిపోను. ఈ ఇంట్లో బిడ్డను మొదట ఉయ్యాలలో వేసేది నాయనమ్మ. ఆ ముచ్చట కోసం ఆమె పట్టుచీర తీసి పెట్టుకుంది. ఆ చీర పెట్టెలోనే ముక్కిపోవాలి. నా బిడ్డను ఉయ్యాలలో వేసేది నువ్వు. మా చూలై పేటలో ఉన్న వాళ్ల చుట్టాలందరి ముందూ ఆమె వాకిట్లో నిలబడి చూడాలి. ఇప్పటికే రోజూ రసం, అన్నం మోసుకొచ్చి తలుపు బయట నిలబడుతోంది. నిన్న ఒక్కసారి ఎత్తుకుంటానంది. "రాహుకాలం అత్తమ్మా, పోనీండి" అన్నాను. ఆ మొహం చూస్తే నాకు కడుపు నిండింది.

నీ కూతురు,
హైమ

చూలై, మద్రాసు
1994 సెప్టెంబరు

అమ్మా,

నన్ను ఇంటికి పంపించిన రోజు నువ్వు వచ్చావు. ఆరోగ్యమేరితో గొప్పగా చెప్పుకున్నావు. "దీని అత్త కొట్లోంచి ఫోన్ జేసి ఏడస్తా ఉంటే నేనే చెప్తిని. రాహుకాలం పోకముందు గడప దాటొద్దు, తొలికాన్పు మాది, మా మాట మీరి పోయినారంటే ఏమైనా మీదే పూచీ అంటిని. చూడు, ఎంత మంచి నచ్చత్రంలో పుట్టినాడో!" నేను పక్కనే బిడ్డకు పాలిస్తున్నాను. నీతో అనాల్సిన మాట నువ్వు వెళ్లిపోయిన ఇన్నాళ్లకు రాస్తున్నాను.

అత్తమ్మను నిలదీశాను, అన్ని మాటలు పడి ఎందుకు చెప్పలేదని. "పచ్చిబాలింతవి. కన్నతల్లి మింద కోపం పెట్టుకుంటే పాలు పడతాయా?" అంది. నీ మాట విని నన్ను ఆపినందుకు ఆమె మీద కోపం పూర్తిగా పోలేదు. అదీ మొహం మీదే అన్నాను. తలొంచుకుని, "తప్పేమ్మా" అంది. నువ్వు మాత్రం నక్షత్రం గురించి మాట్లాడావు. నా బిడ్డ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నువ్వు అక్కడ పంచాంగం చూశావు.

ఇన్నాళ్లూ నీ వంతు కూడా ఆమే మోసింది. ఇక నీది నువ్వు మొయ్యి.

వచ్చే ఆదివారం ఉయ్యాల వేడుక. అత్తమ్మ పట్టుచీర కట్టుకుని బిడ్డను ఉయ్యాలలో వేస్తుంది. నాన్న ఒక్కరే రావాలి. తొలిమనవడి ఉయ్యాలకు అమ్మమ్మ ఎందుకు రాలేదని మనవాళ్లంతా అడుగుతారు. వాళ్లకు ఏం చెప్పాలో నాన్నకు నువ్వే చెప్పి పంపించు.

హైమ