రాజు జుట్టు రంగు

ఆదివారం రాత్రి

పోయిన నెల బైకు స్టంట్ చేస్తూ చనిపోయిన రాజు ఇంటికి ఈ రోజు భేస్తాన్ వెళ్లాను. వాడి జట్టు కుర్రాళ్లందరూ వాడిలాగే జుట్టుకు నీలం రంగు వేసుకుని వచ్చారు. మా తమ్ముడు శ్రీను కూడా. ఇలాంటి వేషాలు లోకం మీద తిరుగుబాటని సోషియాలజీ క్లాసులో చదువుకున్నాను. ఆ గుమ్మంలో వాళ్లను చూస్తే ఏడుపొచ్చింది.

రాజు తల్లి ఒక్కొక్కరి తలా నిమురుతూ వచ్చి శ్రీను దగ్గర ఆగిపోయింది.

"రాజూ, అన్నం తిన్నవా బిడ్డా?"

తను రాజు కాదని శ్రీను చెబుతాడనుకున్నాను.

"తిన్ననమ్మా," అన్నాడు.

ఆమె నవ్వింది. "బండి జర మెల్లగ నడుపు."

ఇంటికి రాగానే వాడు మళ్లీ బండెక్కాడు.

"శ్రీనూ, ఏడికిరా?" అని కేకేశాను.

ఆ పేరు తనది కానట్టే వెళ్లిపోయాడు. ఇంకా రాలేదు.