పిందెకు వేలు చూపకు

ధర్మేందర్, నేను కర్మన్‌ఘాట్ గుడికి పోతున్న, కొబ్బరికాయ కొట్టాలె. అన్నం కుక్కర్‌ల ఉంది. మీ చెల్లె వాణి దానిమ్మ కుండీ కోసం ఒస్తది, అది మాత్రం ఇయ్యకు. మల్లె కుండీ ఇచ్చి పంపు. దానిమ్మకు మూడేండ్ల సంది ఒట్టి పూలే, కాయ కాయదు, ఇచ్చేద్దామన్నది నువ్వే కద. ఇయ్యాల గోడ దిక్కు కొమ్మకు గోలీ అంత పిందె కనపడ్డది! పొద్దుగాలనే చూసిన. నువ్వు వేలు పెట్టి చూపిస్తవ్, రాలిపోతదని చెప్పలే. వాణికి చూపాల్నంటే వేలు మడిచి చూపు. పండినంక సగం పండు ఆమెకే అని చెప్పు.

ప్రవీణ

దిష్టి తగలకుండ పిందెకు గుడ్డ కట్టిన. మెల్లగ ఇప్పి చూసి మళ్ల కట్టు. నువ్వు పొద్దుగాల ఇల్లంత వెతికిన కర్చీఫ్ అదే.