నల్లా కాడికి ఇయ్యాల నువ్వే పోవాలె

సుగుణ వాళ్ల నాయినా,

లెవ్వు, నల్లా వచ్చే యాళ్లయింది. మన బిందెలు వరుసల పెట్టే వచ్చిన. నువ్వు లేటు చేస్తే పక్కింటి ఖుర్షీద్ ఆపా వాటిని జరిపి తనయి పెడ్తది. మనిషి మంచిదే గానీ నీళ్ల కాడ ఎవరి మాట ఇనదు. రాత్రి మిగిలిన అన్నం పోపేసి సుగుణకు పెట్టు, బడికి తోలు.

నేను మొదటి బస్సుకు పహాడీషరీఫ్ పోతున్న. ఆడికెల్లి గుట్టల సందు దాంక నడుస్త, ఒక్కదాన్నే. పోయిన ఐతారం నువ్వు దోస్తులతోని పోయి, రెండు గుట్టల నడుమ పొద్దు పొడుసుడు చూసొచ్చి వారమంత అదే ముచ్చట చెప్పినవు. నేనొస్తనంటే ‘ఆడోళ్లు సగం దారిల్నే కూసుంటరు’ అన్నవు. పెండ్లయినప్పటిసంది పొద్దు పొడిచే యాళ్లకు రోజూ నల్లా కాడ్నే ఉన్న. ఇయ్యాల ఉండ. సగం దారిల కూసుంటనో లేదో నేనే చూసుకుంట.

ఎతుక్కుంట రాకు. మీ అమ్మ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, ఏం దాచకు.

రాహేలు

చెప్పుడు మరిచిన, నీ బూట్లు ఏసుకపోతున్న. ముంగట గుడ్డ కుక్కితే మంచిగ సరిపోయినయి. డ్యూటీకి నా చెప్పులు ఏస్కపో.