పద్దెనిమిది నిమిషాల ఇంజను

గాజువాక,
8-8-1983, ఉదయం 6-10 గం.

చిరంజీవి చిలకమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

నిన్న మీ బావి దగ్గర ఆయిలింజనుకు చేసిన పనంతా వరుసగా రాస్తున్నాను. ఎక్కడ తప్పిందో తేల్చాలి.

1. ఆయిలు ట్యాంకు దింపి, అడుగున పేరుకున్న మడ్డిని కిరసనాయిలుతో మూడుసార్లు కడిగాను.
2. తుప్పుపట్టిన గొట్టం తీసి రాగి గొట్టం వేశాను. ఫిల్టరు మార్చాను.
3. నాజిల్ విప్పి శుభ్రం చేశాను. ఆయిలు మంచులా చిమ్మింది.
4. ఇంజనుకు ఆయిలు అందించే పంపులోని గాలిబుడగలు తీసేశాను.
5. బావ పోయాక నీవు పూజకు రావడం మానేశావు. నిన్నా గట్టు మీదకు తప్పుకున్నావు. అందువల్ల ట్యాంకు మూతకు నేనే పసుపు మెత్తి బొట్టు పెట్టాను.
6. 10-40కి ఇంజను లేచింది, 10-58కి ఆగింది. మూత విప్పి ఆయిలు చూసి మళ్లీ తిప్పితే మళ్లీ పద్దెనిమిది నిమిషాలే.

అంతలో నీరు ఆకుమడిలోని వరినారుకు చేరదు. "ముసిల్దైపోనాదొదినా, తూకానికిచ్చీ. పొలం కౌలుకిచ్చీ" అని నీ మరిది దాలయ్య అన్న మాట నేనూ విన్నాను. ఇరవయ్యో తేదీ దాకా ఆగమను. పంపు లోపలి కడ్డీ అరిగిందని నా అంచనా. పోర్టులో ఇరవై రెండేళ్లుగా యంత్రాలు విప్పుతున్నాను. ఏ బడీ నేర్పకపోయినా ఏ పనీ సగంలో వదలలేదు. మీ మామగారు కొన్న ఇంజనును పాత ఇనుము కింద తూకానికి పోనివ్వను.

ఇట్లు,
బొడ్డేపల్లి గురునాథరావు


పెందుర్తి,
11-8-83

ప్రియమైన అన్నయ్యకు నమస్కారాలు.

పక్క పొలం ఎల్లారావు చేత రోజూ ఇంజను తిప్పిస్తున్నాను. అలాగే ఆగిపోతోంది. ఆయిలు ఉందో లేదో చూద్దామని మూత విప్పితే ఉస్సుమంటోంది. ఆ వెంటనే తిప్పితే లేస్తోంది. నిన్న ట్యాంకు నిండా పోశాను, ఇంకా తొందరగా ఆగింది. నారు కొసలు పసుపెక్కాయి.

దాలయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీయన్నకి రాయడం బాగా ఒచ్చు. ఇంజినికే సదవడం రాదు గావాల" అన్నాడు. కోపం వచ్చింది గానీ నవ్వు ఆగలేదు.

నీ చెల్లెలు,
చిలకమ్మ


గాజువాక,
13-8-1983, ఉదయం 5-45 గం.

చిరంజీవి చిలకమ్మకు ఆశీస్సులు.

ఆ శబ్దం మూత మరలది, పట్టించుకోవద్దు.

1. ఇంజను తిప్పించకు.
2. మూత విప్పకు, దుమ్ము పడుతుంది.
3. ఆటోనగర్‌లో అలాంటి పాత పంపు ఒకటి దొరికింది. 19న తెచ్చి బిగిస్తాను.

ఇట్లు,
బొడ్డేపల్లి గురునాథరావు


పెందుర్తి,
16-8-83

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు రాసినవాటిలో మొదటి రెండూ తప్పాను. కోప్పడకు.

ఆ ఉస్సు వినగానే మీ బావ గుర్తొచ్చారు. ఏటా దసరాకు నేను పళ్లెం పట్టుకుని వెళితే "మూతకెట్టకే, దానికి ఊపిరాడదు. సెక్రానికెట్టు" అనేవారు. వేళాకోళం అనుకునేదాన్ని. నువ్వు మూతకు పసుపు మెత్తుతుంటే ఆ మాట నోటిదాకా వచ్చింది. బొట్టు సంగతి నేను మాట్లాడితే ఏం బాగుంటుందని మింగేశాను.

నిన్న తలపిన్నుతో ఆ పసుపు గీకాను. ఎండి పెంకులా ఊడింది. కింద సూది పట్టేంత కన్నం ఉంది, అన్నయ్యా. ఆయిలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవలసింది దాని గుండానే కదూ?

పొద్దున్న మొదలెట్టిన ఇంజను నేను ఆపేదాకా ఆగలేదు. దాలయ్య వచ్చి కాలవలో కాలు పెట్టి నిలబడ్డాడు. "ఏటొదినా, ఇదింకా ఆగలేదేటి" అన్నాడు. కాసేపు చూసి, పార అందుకుని తనే నీళ్లు ఆకుమడిలోకి మళ్లించాడు. తూకం మాట ఎత్తలేదు.

చిలకమ్మ


గాజువాక,
18-8-83

ప్రియమైన చిలకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పంపు తిరిగి ఇచ్చేశాను. పాతదానికి ఏ జబ్బూ లేదు.

ఆ కన్నం ట్యాంకు కడిగిన రోజే నా కంటపడవలసింది. అది పనిలో పొరపాటు, దిద్దుకోగలను. నువ్వు గట్టు మీదకు తప్పుకుంటుంటే పిలవకుండా పసుపు గిన్నె నేనే అందుకున్నాను. ఏ చోట పెట్టాలో తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టి, తెలియని చేత్తో పెట్టాను. తరవాత దాన్ని చేసిన పనుల్లో ఒకటిగా రాసుకున్నాను.

ఈ దసరాకు బొట్టు నువ్వే పెట్టాలి, చక్రానికే. ఎవరైనా ఏమైనా అంటే నాతో చెప్పమను. పళ్లెం నేను పట్టుకుంటాను.

ఆదివారం వస్తాను. పనిముట్ల పెట్టె తేను. నారు చూపిద్దువుగాని.

అన్నయ్య