నర్సమ్మ మీద చిల్లంగి కేసు

జూన్ 9, 1969, సోమవారం

రంగూన్ పక్కన తన్లిన్ కోర్టు. వాన. ఈ రోజు సాక్షులంతా తెలుగువాళ్ళే — దుబాసీని కనక ఆ కూతలన్నీ నా నోటమ్మటే బర్మా భాషలోకి పోవాలి. మా వీధి నర్సమ్మ మీద కేసు. రిఫైనరీ కూలీ అప్పన్న కూతురు జ్వరంతో పోయింది. నర్సమ్మ చిల్లంగి పెట్టిందట. చట్టంలో చిల్లంగికి సెక్షన్ లేదు, అందుకని పోలీసులు 'విషం పెట్టింది' అని రాసుకున్నారు. ఒంటరి విధవ. ఇక మంత్రం పలకలేకుండా కేసుకు ముందే వీధిలో ఆమె ముందుపళ్ళు రాయితో ఊడగొట్టారు. బోనులో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చి నోరు పుక్కిలించాను.

జూన్ 10

కులపెద్ద సూరన్న సాక్ష్యం. తెల్ల పంచె, నుదుట విభూతి. నర్సమ్మ పిల్ల తల నిమిరిందని, ఆ సాయంత్రమే జ్వరం తగిలిందని... జడ్జి ఆవులిస్తూ విన్నాడు. విషం పెట్టడం నువ్వు చూశావా అని అడిగాడు.

"నాను సూడ్నేదు సయాజీ. అందరూ అన్నారు."

ఆ అందరిలో చూసిందెవరు అన్నాడు జడ్జి.

ఎవరూ లేరు. తర్వాతి సాక్షీ అంతే. ఆ తర్వాతివాడూ అంతే. చూడనిదాన్ని ఎంత ధీమాగా చెబుతారో...

జూన్ 11

ఆస్పత్రి డాక్టరు వచ్చాడు. టైఫాయిడ్. పిల్లను చేర్చమని కబురు పంపినా తేలేదన్నాడు. అప్పన్న తల వంచుకున్నాడు.

అప్పుడు జడ్జి అడిగాడు — "ఈమె పళ్ళు ఎవరు ఊడగొట్టారు?"

తెలుగులో చెప్పాను. ఒక్కడూ కదల్లేదు.

కేసు కొట్టేశాడు. పళ్ళ సంగతి మీద వేరే కేసు కట్టమన్నాడు. చీము పట్టిన నోటితో నర్సమ్మను ఆస్పత్రికి తీసుకుపోయారు.

జూన్ 13

టీ కొట్టులో జడ్జి తనంతట తానే ఆ కేసు మాట కదిలించాడు. మునుపు పనిచేసిన ఊళ్ళలో ఇలాంటివి తరచూ వచ్చేవట. చూసినవాణ్ణి తెమ్మనేవాడట. కొట్టేయగా కొట్టేయగా కోర్టుకు తేవడం మానేశారట.

నమ్మడం మానేశారా అన్నాను.

"అది నాకు తెలీదు. కోర్టుకు రావు, అంతే."

మంచివాడే. ఆ 'అంతే' మాత్రం ఒంటి మీద జెర్రిలా పాకుతోంది.

జూన్ 16

పళ్ళ కేసు. కొట్టిందెవరని నర్సమ్మను అడిగారు. అప్పన్న, సూరన్న ఎదురుగానే నిలబడి ఉన్నారు.

"ఎవలో నాను సూడ్నేదు బాబూ."

బర్మా భాషలో చెప్పాను. జడ్జి కలం తీసి రాసుకున్నాడు. చూసినవాళ్ళు లేరు. ఇదీ కొట్టేయక తప్పలేదు.

బయట అడిగాను, ఎందుకలా చెప్పావని.

"ఆ ఈదిలోనే బతకాల గదా."

అప్పన్న పక్కనే బీడీ ముట్టించుకుంటున్నాడు. ఛీ.

జూన్ 17

ఆమె గుడిసెకు ఎవరో తాళం వేశారు. మా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ నాతో మాట్లాడలేదు. సర్కారువారి ప్రజాదుకాణం క్యూలో నిలబడి తెచ్చిన నూకలతో గంజి కాచి ఆమె ముందు పెట్టింది.

జూన్ 19

ఎదురింటివాళ్ళు కిటికీ మూసేశారు.

జూన్ 21, శనివారం

పొద్దున్నే సూరన్న. మెట్టు ఎక్కలేదు. ఆమెను పంపెయ్యమన్నాడు. కోర్టు నిర్దోషి అందిగా అన్నాను.

"కోర్టు వొగ్గేసినాది. మేం వొగ్గలేదు. రేపు పదిమందిమీ వత్తాం." పెళ్ళికి పిలుస్తున్నంత నెమ్మదిగా చెప్పాడు.

ఠాణాకు పరిగెత్తాను. ఇంకా ఏమీ జరగలేదుగా, జరిగాక రండి అన్నారు.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ తలుపు గడియ పెట్టుకుని ఉంది. నర్సమ్మ మూట కట్టుకుని కూచుంది. ఎక్కడికి పోతావంటే చెప్పదు. మా ఆవిడ ఆ మూట లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది... విప్పడం లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు.